దీవి లెక్క వేరు!

నడిసముద్రంలో ఓ రాతిగుట్ట పైకి లేస్తుంది. దాని మీద ఈగ లేదు, చీమ లేదు, గడ్డిపోచైనా లేదు. కొన్నాళ్లకు ఏ గాలివాటుకో ఓ విత్తనం వచ్చి పడుతుంది. ఇంకొన్నాళ్లకు దారితప్పిన పిట్ట ఒకటి వాలుతుంది. లక్షల ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే... ప్రపంచంలో మరెక్కడా కనిపించని ప్రాణులు అక్కడ హాయిగా కాపురం చేస్తుంటాయి! వాటిలో బయటినుంచి వచ్చినవెన్ని? అక్కడే పుట్టినవెన్ని? మాయమైనవెన్ని? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతూ శాస్త్రవేత్తలు అరవై ఏళ్లకు పైగా దీవుల వెంట తిరుగుతున్నారు. వాళ్లు తేల్చిన లెక్కలో మనకో హెచ్చరిక కూడా ఉంది.

1963 నవంబరు 14. ఐస్‌లాండ్ దక్షిణ తీరానికి దూరంగా చేపల వేటకు వెళ్లిన పడవవాళ్లకు సముద్రం మీద నల్లటి పొగ కనిపించింది. ఏదో పడవ అంటుకుందేమో అనుకున్నారు. దగ్గరికెళ్లి చూస్తే పడవా లేదు, మనుషులూ లేరు. నీళ్లను చీల్చుకుంటూ అగ్నిపర్వతం పైకి లేస్తోంది! మూడున్నరేళ్లపాటు అది నిప్పులు కక్కుతూనే ఉంది. 1967 జూన్‌లో చల్లారేసరికి 2.7 చదరపు కిలోమీటర్ల కొత్త నేల తయారైంది. దానికి సర్ట్‌సీ అని పేరు పెట్టారు. అక్కడి పురాణాల్లో అగ్ని రాక్షసుడి పేరు సర్టర్. అతని దీవి కాబట్టి సర్ట్‌సీ!

ఐస్‌లాండ్ ప్రభుత్వం ఆ దీవికి తాళం వేసేసింది. పర్యాటకులకు ప్రవేశం లేదు. పరిశోధకులు వెళ్లాలన్నా అనుమతి ఉండాల్సిందే. ఎందుకంటే, ఖాళీ నేల మీదికి ప్రాణం ఎలా వస్తుందో మొదటిరోజు నుంచీ చూసే అవకాశం మనిషికి దొరకడం చాలా అరుదు. 1965లో, ఇంకా అగ్నిపర్వతం చల్లారకముందే, తీరంలో ఓ మొక్క మొలిచింది. మన ఆవమొక్కకు చుట్టం అది. దాని విత్తనం సముద్రంలో తేలుతూ వచ్చింది. తర్వాత ఇంకొన్ని మొక్కలొచ్చాయి గానీ చాలా ఏళ్లు పెరుగుదల నత్తనడకే. లావా రాయిలో తిండేముంటుంది? కథ మలుపు తిరిగింది 1986లో. సముద్రపు కాకులు అక్కడ గుంపుగా గూళ్లు కట్టడం మొదలెట్టాయి. వాటి రెట్టలే ఎరువు. రెక్కలకు, కాళ్లకు అంటుకున్నవి, కడుపులో దాగినవి కొత్త విత్తనాలు. ఆ తర్వాత చూస్తుండగానే రాతి మీద పచ్చిక పరుచుకుంది. మొక్కల వెంట పురుగులు, పురుగుల వెంట చిన్నపిట్టలు వచ్చాయి. 2008లో యునెస్కో ఈ దీవిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మధ్యలో ఓ తమాషా కూడా జరిగింది. ఒకసారి అక్కడ టమాటా మొక్క మొలిచింది! సముద్రం మోసుకొచ్చిందా? పిట్ట తెచ్చిందా? ఆరా తీస్తే, అక్కడికి వచ్చిన ఓ పరిశోధకుడు బహిర్భూమికి వెళ్లిన చోటే అది మొలిచిందని తేలింది. వెంటనే పీకేశారు. నవ్వొచ్చే సంగతే కానీ గుర్తుపెట్టుకోవాలి. దీవి మీద మనిషి అడుగు పడితే ఏమవుతుందో చెప్పే అతి చిన్న ఉదాహరణ అది.

చెరువు లెక్క

సర్ట్‌సీ పుట్టిన ఏడాదే, అంటే 1963లోనే, అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు దీవుల గురించి ఓ పరిశోధన పత్రం ప్రచురించారు. ఒకరు రాబర్ట్ మకార్థర్. పక్షులన్నా లెక్కలన్నా ఇష్టం. రెండోవారు ఎడ్వర్డ్ విల్సన్. చీమల మీద ప్రపంచంలో ఆయన్ని మించిన నిపుణుడు లేడని పేరు. నాలుగేళ్ల తర్వాత, 1967లో అదే విషయాన్ని విస్తరించి 'ద థియరీ ఆఫ్ ఐలాండ్ బయోజాగ్రఫీ' అనే పుస్తకం రాశారు. జీవావరణ శాస్త్రం దిశ మార్చిన పుస్తకాల్లో అదొకటి.

వాళ్లు చెప్పింది మన ఊరి చెరువు లెక్కలాంటిదే. చెరువులోకి వాగు నీళ్లు వస్తుంటాయి. తూములోంచి పోతుంటాయి. వచ్చేదీ పోయేదీ సమానమైన చోట నీటిమట్టం నిలుస్తుంది. దీవిలోనూ అంతే. కొత్త జాతులు వలస వస్తుంటాయి. ఉన్నవాటిలో కొన్ని అంతరిస్తుంటాయి. ఈ రెండూ సరితూగినచోట జాతుల సంఖ్య స్థిరపడుతుంది.

మరి ఏ దీవిలో మట్టం ఎక్కువ? ప్రధాన భూభాగానికి దగ్గరగా ఉంటే వలస ఎక్కువ. దూరంగా ఉంటే తక్కువ. దీవి పెద్దదైతే ఒక్కో జాతికీ జనాభా ఎక్కువ ఉంటుంది. తుపానో కరవో వచ్చినా కొన్నయినా బతికి బట్టకడతాయి. చిన్నదైతే ఒక్క దెబ్బకే తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే పెద్దదీ దగ్గరిదీ అయిన దీవిలో జాతులెక్కువ. చిన్నదీ దూరపుదీ అయితే తక్కువ. వెస్టిండీస్ దీవుల్లో బల్లులు, పాములు, కప్పలను లెక్కపెడితే ఓ స్థూలమైన సూత్రం కూడా కనిపించింది. వైశాల్యం పది రెట్లు పెరిగితే జాతులు సుమారు రెండింతలవుతాయి. దీన్నే తిరగేసి చదివితే... నేల పదో వంతుకు కుంచించుకుపోతే జాతులు సగం పోతాయి.

కాగితం మీద లెక్క బాగానే ఉంది. నిజమని రుజువేది? విల్సన్, ఆయన శిష్యుడు డేనియల్ సింబర్లాఫ్ 1966లో అందుకు పూనుకున్నారు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో పది, పదిహేను మీటర్ల వెడల్పున్న బుల్లి మడచెట్ల దీవులున్నాయి. వాటిలో ఆరింటిని ఎంచుకున్నారు. ముందు ఒక్కోదానిమీద ఉన్న పురుగులు, సాలీళ్లు అన్నిటినీ లెక్కపెట్టారు. తర్వాత ఇళ్లలో చెదపురుగుల మందు కొట్టేవాళ్లను పిలిపించారు. దీవి మొత్తానికీ గుడారం కప్పి విషవాయువు నింపించారు. పురుగన్నది లేకుండా పోయింది. ఇక కూర్చుని చూడటమే పని!

ఏడాది తిరిగేసరికి దాదాపు అన్ని దీవుల్లోనూ జాతుల సంఖ్య మునుపటి స్థాయికి వచ్చేసింది. బాగా దూరంగా ఉన్న దీవి మాత్రం వెనకబడింది. సిద్ధాంతం చెప్పిందీ అదే కదా! అసలు విశేషం మరొకటుంది. సంఖ్య అదే కానీ జాతులు అవి కావు. ఖాళీ అయిన కుర్చీలన్నీ నిండాయి, కూర్చున్నవాళ్లు వేరు. ఈ సంగతి మళ్లీ మనకు అవసరమవుతుంది.

వాగే కాదు, ఊట కూడా!

ఇప్పుడు హవాయి వెళ్దాం. పసిఫిక్ మహాసముద్రం నడిబొడ్డున, దగ్గరి ఖండానికి 3,700 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవులివి. అంత దూరం ఈదుకుంటూనో ఎగురుకుంటూనో ఎన్ని ప్రాణులు రాగలవు? చెరువు లెక్క ప్రకారం అక్కడ జీవం బొటాబొటిగా ఉండాలి. కానీ అక్కడ దాదాపు వెయ్యి రకాల స్థానిక పూలమొక్కలున్నాయి. అందులో సుమారు 90 శాతం ప్రపంచంలో మరెక్కడా లేవు. విచిత్రమేమిటంటే, ఈ వెయ్యి రకాలకూ మూలపురుషులు మూడు వందల లోపే. లక్షల ఏళ్లలో అప్పుడొకటి ఇప్పుడొకటిగా వచ్చిన విత్తనాలవి. మిగతావన్నీ అక్కడే పుట్టాయి.

చెరువుకు వాగే కాదు, అడుగున ఊట కూడా ఉందన్నమాట! దూరపు దీవుల్లో ఇలా కొత్త జాతులు పుడతాయని మకార్థర్, విల్సన్‌లకూ తెలుసు. అయితే వాళ్ల ప్రధాన లెక్క వలస మీదే సాగింది. ఊటను లెక్కలోకి సరిగ్గా తేవడానికి తర్వాతి తరం చాలా కష్టపడాల్సి వచ్చింది.

ఊట ఎలా పుడుతుంది? హవాయిలో వడ్రంగిపిట్ట లేదు. అంత దూరం అది రాలేకపోయింది. అంటే చెట్టు బెరడు కింద పురుగులున్నాయి గానీ, పొడుచుకుని తినేవాళ్లు లేరు. ఉద్యోగం ఖాళీ! సుమారు 50 నుంచి 70 లక్షల ఏళ్ల కిందట ఆసియా వైపు నుంచి పిచ్చుకంత పిట్టల గుంపొకటి ఇక్కడికి చేరింది. వాటి సంతతిలో ఒక శాఖ ఆ ఉద్యోగంలో చేరిపోయింది. అకియాపోలావు అనే ఆ పిట్ట ముక్కు చూస్తే ఔరా అనిపిస్తుంది. కింది ముక్కు పొట్టిగా, ఉలిలా తిన్నగా ఉంటుంది. దానితో బెరడు తొలుస్తుంది. పై ముక్కు పొడవుగా, కొక్కెంలా వంగి ఉంటుంది. దానితో పురుగును బయటికి లాగుతుంది. ఇంకో శాఖకు పూల గొట్టాల్లోంచి తేనె తాగడానికి వంకీ ముక్కు వచ్చింది. మరొకదానికి గింజలు పగలగొట్టడానికి చిలక ముక్కులాంటిది వచ్చింది. అలా ఒక్క గుంపు నుంచి యాభైకి పైగా జాతులు! వాటినే హనీక్రీపర్లంటారు.

పక్షులే కాదు. హవాయిలోని కొన్ని గొంగళిపురుగులు ఆకులు మానేసి మాంసాహారులయ్యాయి. పుల్లలా కదలకుండా నిలబడి, దగ్గరికొచ్చిన ఈగను తటాలున పట్టేస్తాయి. మనం అరటిపండ్ల మీద చూసే చిన్నఈగల చుట్టాలు ఆ దీవుల్లో దాదాపు వెయ్యి రకాలున్నాయని అంచనా.

అయితే ప్రతి దీవిలోనూ ఊట పుట్టదు. ఒక జాతి రెండుగా చీలాలంటే రెండు గుంపులు చాలాకాలం కలవకుండా బతకాలి. అందుకు మధ్యలో కొండో లోయో ఉండాలి. అంటే చోటు కావాలి. కరీబియన్ దీవుల్లో అనోలిస్ అనే తొండల్లాంటి బల్లులున్నాయి. జొనాథన్ లోసోస్, డాల్ఫ్ ష్లూటర్ అనే పరిశోధకులు 2000లో వాటి లెక్క తీశారు. సుమారు 3,000 చదరపు కిలోమీటర్ల కంటే చిన్న దీవుల్లో ఒక అనోలిస్ రెండు జాతులుగా చీలిన దాఖలా ఒక్కటీ కనిపించలేదు. పెద్ద దీవులైన క్యూబా, హిస్పానియోలా, జమైకా, ప్యూర్టోరికోల్లో మాత్రం ఎన్నో కొత్త జాతులు పుట్టాయి. పైగా ప్రతి దీవిలోనూ అవే పాత్రలు మళ్లీ మళ్లీ తయారయ్యాయి. సన్నకొమ్మ మీద పాకేందుకు పొట్టికాళ్లది ఒకటి, నేలమీదికి దూకి వేటాడేందుకు పొడుగుకాళ్లది ఒకటి, చెట్టు చివర ఉండే భారీకాయం ఒకటి. నాటకం ఒకటే, ఊరు మారినప్పుడల్లా నటులు వేరు!

రెండు కరవులు... రెండు ముక్కులు

వలస, పోటీ, చావు... ఇదంతా నాలుగు రోజుల్లో తేలే వ్యవహారం. కొత్త జాతి పుట్టడం లక్షల ఏళ్ల వ్యవహారం. కాబట్టి రెండింటినీ విడివిడిగా చదువుకోవచ్చని చాలాకాలం అనుకున్నారు. ఆ గోడను పడగొట్టింది ఓ దంపతుల ఓపిక.

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌కు పడమరగా దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో గలాపగోస్ దీవులున్నాయి. చార్లెస్ డార్విన్ 1835లో వెళ్లింది అక్కడికే. వాటిలో డాఫ్నీ మేజర్ అనే దీవి అర చదరపు కిలోమీటరు కూడా ఉండదు. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో అక్కడ పని మొదలుపెట్టారు. నలభై ఏళ్లపాటు ఏటా వెళ్లి ఫించ్ పిట్టల్ని పట్టి, కాలికి గుర్తు వేసి, ముక్కు కొలిచి వదిలేవారు. ఏ పిట్ట ఎవరి బిడ్డో వాళ్ల దగ్గర లెక్క ఉంది.

1977లో కరవొచ్చింది. మెత్తటి చిన్నగింజలు త్వరగా అయిపోయాయి. పల్లేరుకాయల్లాంటి గట్టిగింజలు మాత్రం మిగిలాయి. వాటిని పగలగొట్టగలిగిన పెద్దముక్కు పిట్టలు బతికాయి. మధ్యరకం ఫించ్‌లలో సుమారు 85 శాతం చచ్చిపోయాయి. తర్వాతి తరం పిల్లల ముక్కులు కొలిస్తే మునుపటికంటే లావుగా ఉన్నాయి. పరిణామం కళ్లముందే జరిగింది!

1982 ప్రాంతంలో ఆ దీవికి కొత్త చుట్టాలొచ్చారు. గట్టిగింజల్ని అవలీలగా కొరికే పెద్ద ఫించ్ జాతి అక్కడ స్థిరపడింది. 2003 నుంచి 2005 దాకా మళ్లీ వానల్లేవు. ఈసారీ పాతకథే జరగాలి కదా? జరగలేదు. గట్టిగింజల్ని కొత్తవాళ్లు ఎగరేసుకుపోయారు. వాళ్లతో పోటీపడ్డ పెద్దముక్కు పిట్టలే ఆకలితో చచ్చాయి. చిన్నగింజలతో సరిపెట్టుకున్న చిన్నముక్కువి బతికాయి. తర్వాతి తరం ముక్కులు చిన్నవయ్యాయి.

దీవి అదే. పిట్ట అదే. కరవూ అలాంటిదే. పొరుగువాడు మారాడు కాబట్టి పరిణామం దిక్కే మారింది! ఎవరొచ్చారు, ఎవరున్నారు అనేదే రేపు ఏది పుడుతుందో నిర్ణయిస్తుంది. పుట్టినది మళ్లీ ఎవరు నిలుస్తారో నిర్ణయిస్తుంది. వాగూ ఊటా వేర్వేరు కావు.

ఇదే దీవికి 1981లో వందకు పైగా కిలోమీటర్ల దూరం నుంచి ఓ ఒంటరి మగ ఫించ్ వచ్చింది. రూపంలో పెద్దది, పాట వేరు. స్థానిక ఆడపిట్టతో జతకట్టింది. ఆ వంశం తర్వాత తమలో తామే జతకడుతూ మిగతావాటికి దూరంగా ఉండిపోయింది. మూడు తరాల్లోనే వేరే కులంగా మారిపోయిందని జన్యు పరీక్షల్లోనూ తేలింది. లక్షల ఏళ్లు పడుతుందనుకున్న పనికి మొదటి అడుగు ఎంత త్వరగా పడగలదో ప్రపంచానికి తెలిసింది.

దీవికీ వయసుంటుంది

హవాయి దీవుల కింద భూగర్భంలో వేడి లావా ఊట ఒకచోట నిలకడగా ఉంటుంది. దాని మీదుగా సముద్రపు నేల ఏటా కొన్ని సెంటీమీటర్లు వాయవ్యం వైపు జరుగుతుంటుంది. అందుకే ఒకదాని తర్వాత ఒకటి దీవులు పుట్టి, పక్కకు జరిగి, కోసుకుపోయి, చివరికి మునిగిపోతాయి. వాయవ్యాన ఉన్న కవాయి వయసు సుమారు 50 లక్షల ఏళ్లు. ఆగ్నేయాన ఉన్న హవాయి పెద్దదీవికి పది లక్షల ఏళ్లు కూడా లేవు. ఒకే ఇంట్లో తాత, తండ్రి, మనవడు వరుసగా నిలబడ్డట్టు!

పరిశోధకురాలు రోజ్‌మేరీ గిలెస్పీ ఈ వరుసలో సాలీళ్లను వెతికారు. గూడు అల్లకుండా తిరిగి వేటాడే ఒక తెగలో జాతులు ఎక్కువ ఉన్నది మనవడి దగ్గరా కాదు, తాత దగ్గరా కాదు. మధ్యవయసు దీవి మావీలో! కుర్రదీవిలో కొత్తవి పుట్టడానికి ఇంకా సమయం చాలలేదు. ముసలిదీవిలో పుట్టినవాటిలో కొన్ని పోటీకి తట్టుకోలేక పోయాయి, నేల కూడా తరిగిపోతోంది. 2008లో రాబర్ట్ విట్టకర్ బృందం ఇదే సంగతిని సాధారణ సూత్రంగా చెప్పింది. దీవి పెరిగేటప్పుడు జాతులు పెరిగి, నడివయసులో శిఖరానికి చేరి, అది కరిగేటప్పుడు తగ్గుతాయి.

2020లో లూయిస్ వాలెంటె, ఆయన సహచరులు మరో పెద్ద లెక్క తేల్చారు. ప్రపంచంలోని 41 ద్వీపసమూహాల పక్షుల వంశవృక్షాలను ఒకచోట చేర్చి పరీక్షించారు. దూరం పెరిగితే వలస తగ్గుతుంది. వైశాల్యం పెరిగితే అంతర్ధానం తగ్గుతుంది. దూరం, వైశాల్యం రెండూ పెరిగితే కొత్తజాతుల పుట్టుక ఎక్కువవుతుంది. మకార్థర్, విల్సన్ గీసిన బొమ్మ సరైనదే. దానికి ఊట కూడా చేరింది.

తూము తెరిచిందెవరు?

ఇప్పటిదాకా చెప్పింది మనిషి లేని దీవుల కథ. మనిషి రాకతో ఏమైంది?

హవాయిలో ఒకప్పుడు దోమ లేదు. 1826లో ఓ ఓడ మంచినీటి పీపాల్లో దోమ పిల్లలు మావీ దీవికి చేరాయని చెబుతారు. మన దగ్గర బోదకాలు వ్యాధిని మోసుకొచ్చే క్యూలెక్స్ దోమే అది. తర్వాత బయటి నుంచి తెచ్చి పెంచిన పక్షుల ఒంట్లో పక్షుల మలేరియా వచ్చింది. రెండూ కలిసాయి. లక్షల ఏళ్లుగా ఆ రోగం ముఖమే చూడని హనీక్రీపర్లు పిట్టల్లా రాలిపోయాయనే మాట అక్కడ అక్షరాలా నిజమైంది. ఎర్రటి ఇయివి పిట్టను రోగమున్న దోమ ఒక్కటి కుట్టినా బతకడం కష్టం. యాభైకి పైగా ఉన్న హనీక్రీపర్ జాతుల్లో నేడు మిగిలినవి 17. చలికి దోమలు చేరలేని ఎత్తైన కొండల్లో తలదాచుకున్నవే చాలామటుకు అవి. భూమి వేడెక్కుతున్నకొద్దీ దోమలు కొండెక్కుతున్నాయి. పిట్టలకు పైకి పోవడానికి ఇక కొండ లేదు. కవాయిలోని అకికికి అనే బూడిదరంగు పిట్టలు 2023లో అడవిలో ఐదే మిగిలినట్టు తేలింది.

మావీలో పోఊలి అనే పిట్టను 1973లో విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదటిసారి కనుగొన్నారు. 2004 నవంబరులో చివరిది సంరక్షణ కేంద్రంలో కన్నుమూసింది. పేరు పెట్టిన తరమే దాని చావూ చూసింది. కవాయిలో ఓఓ అనే నల్లటి పిట్ట పాట 1987లో చివరిసారి వినిపించింది. దానితో ఒక జాతి కాదు, ఐదు జాతుల కుటుంబం మొత్తం అంతరించింది. 2023లో అమెరికా ప్రభుత్వం అంతరించాయని ప్రకటించి రక్షిత జాబితాలోంచి తీసేసిన 21 జాతుల్లో ఎనిమిది హవాయి అడవిపిట్టలే.

ఇది హవాయికే పరిమితం కాదు. 1500 తర్వాత ప్రపంచంలో అంతరించిన పక్షుల్లో దాదాపు 90 శాతం దీవులవే. కారణాలు ఎక్కడైనా అవే. ఎలుక, పిల్లి, పంది, మేక, పాము, రోగం, గొడ్డలి.

చెరువు నిండుగానే ఉంది, కానీ...

ఇక్కడో చిక్కు ప్రశ్న. మనిషి వచ్చాక దీవుల్లో జాతులు తగ్గాయా? మొక్కల విషయంలో చూస్తే చాలా దీవుల్లో పెరిగాయి! న్యూజిలాండ్‌లో స్థానిక మొక్కలు సుమారు రెండు వేల రకాలు. బయటి నుంచి వచ్చి అడవుల్లో స్థిరపడ్డవి ఇంచుమించు అన్నే ఉన్నాయి. హవాయిదీ అదే పరిస్థితి. మరి బాధపడాల్సిందేముంది?

మడచెట్ల దీవుల్ని గుర్తుచేసుకోండి. సంఖ్య తిరిగొచ్చింది, జాతులు మారాయి. అక్కడ ఫర్వాలేదు. ఆ పురుగులన్నీ పక్క తీరంలో ఉన్నవే. పోయినా మళ్లీ వస్తాయి. హవాయి పిట్ట పోతే మళ్లీ రావడానికి పక్క తీరం లేదు. అది వాగు నీరు కాదు, ఊట నీరు. కొత్తగా వచ్చి చేరుతున్నవేమో ఏ ఊళ్లో చూసినా కనిపించే ఎలుకలు, పిచ్చుకలు, కలుపుమొక్కలు. చెరువు నిండుగానే కనిపిస్తుంది. నీళ్లు మాత్రం అన్ని ఊళ్లలోనూ ఒకే రుచి.

ఊట మళ్లీ ఊరడానికి ఎంతకాలం పడుతుంది? దీనికీ లెక్క కట్టారు. న్యూజిలాండ్‌లో మనిషి అడుగుపెట్టాక పోయిన పక్షుల సంఖ్యను పరిణామం తిరిగి పూడ్చాలంటే 5 కోట్ల ఏళ్లు పట్టొచ్చని 2019లో వాలెంటె బృందం చెప్పింది. మడగాస్కర్ క్షీరదాల మీద 2023లో మరో అధ్యయనం వచ్చింది. ఇప్పటికే పోయినవాటి లోటు తీరడానికి 30 లక్షల ఏళ్లు. ముప్పులో ఉన్నవి కూడా పోతే 2 కోట్ల ఏళ్లకు పైగా! అంటే జరిగిన నష్టం కంటే జరగబోయేదే ఎన్నో రెట్లు పెద్దది. ఇంకోలా చెప్పాలంటే, ఇప్పటికీ చేతిలో సమయం ఉంది.

మన దీవుల మాటేమిటి?

విశాఖపట్నంలో ఓడ ఎక్కితే అండమాన్ వెళ్లొచ్చు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ ఊళ్లో తెలుగు మాట వినపడటం కొత్తేం కాదు. తరాలుగా మనవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. మ్యాపులో ఒకే వరుసలో కనిపించినా అండమాన్, నికోబార్‌లు వేర్వేరు చెరువులు. అండమాన్ ప్రాణులకు మయన్మార్ వైపు చుట్టరికం. నికోబార్ ప్రాణులకు సుమత్రా వైపు. మధ్యలో టెన్ డిగ్రీ చానల్ అడ్డుగోడ.

అండమాన్‌కు తూర్పున నార్కొండం అనే చల్లారిన అగ్నిపర్వతం ఉంది. వైశాల్యం ఏడు చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలో నార్కొండం హార్న్‌బిల్ ఉండేది అక్కడ మాత్రమే! వెయ్యికి అటూఇటూగా ఉంటాయి. ఒక జాతి మొత్తం అడవిలో అంత చిన్న ముక్క మీద ఆధారపడి ఉంది. నికోబార్‌లో మెగాపోడ్ అనే కోడిలాంటి పక్షి ఉంది. అది గుడ్లను పొదగదు. తీరంలో ఇసుక, ఆకులు పోగేసి పెద్ద దిబ్బ కట్టి అందులో పెడుతుంది. ఆ వేడికే పిల్లలవుతాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆ దిబ్బల్ని ఊడ్చుకుపోయింది. గ్రేట్ నికోబార్‌లో భారీ ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం నిర్మించే ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. అందుకు దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి అవసరం. దేశ భద్రతకూ వ్యాపారానికీ అది ముఖ్యమని ప్రభుత్వం అంటోంది. పోయే అడవికి బదులు వేరేచోట మొక్కలు నాటే లెక్క దీవికి సరిపోదని పర్యావరణవేత్తలు అంటున్నారు. పై కథంతా చదివాక ఆ అభ్యంతరం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. మరోచోట నాటిన చెట్టు మీద మెగాపోడ్ వచ్చి వాలదు.

తూము ఎప్పుడూ పెద్ద శబ్దంతోనే తెరుచుకోదు. మన చేలల్లో తొలకరికి బెకబెకమనే బోదురుకప్ప అండమాన్ చేరింది. ఇక్కడ అది రైతుకు నేస్తమే. అక్కడ మాత్రం దాని తోకకప్పలు స్థానిక కప్పల పిల్లల్ని తినేస్తున్నాయి. ఇక్కడ ప్రాణి, అక్కడ ముప్పు. దీవి లెక్క వేరని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు.

దీవంటే నీళ్ల మధ్య నేలే కానక్కర్లేదు. చుట్టూ చేలు, రోడ్లు, గనులు పరుచుకున్నాక మధ్యలో మిగిలిన అడవి ముక్కా దీవే. వాగు తెగిపోయి, వైశాల్యం తగ్గి, తూము మాత్రం తెరిచే ఉంటుంది. పదో వంతు మిగిల్చాం కదా అంటే సరిపోదని వెస్టిండీస్ లెక్క చెప్పనే చెప్పింది.

అయితే దీవిలో మంచి కూడా త్వరగానే కనిపిస్తుంది. చుట్టూ సముద్రం ఉంది కాబట్టి ఎలుకల్ని ఒకసారి పూర్తిగా తీసేస్తే మళ్లీ రాకుండా కాపలా కాయొచ్చు. ప్రపంచవ్యాప్తంగా వందలాది దీవుల్లో అలా చేశారు. పక్షులు తిరిగి గూళ్లు కట్టాయి. హవాయిలో 2023 చివరినుంచి మావీ కొండల్లో లక్షల కొద్దీ మగదోమల్ని హెలికాప్టర్లతో వదులుతున్నారు. భయపడక్కర్లేదు, మగదోమలు కుట్టవు. వాటిలో ఉన్న వోల్బాకియా అనే బ్యాక్టీరియా వల్ల, వాటితో కలిసిన ఆడదోమల గుడ్లు పొదగవు. దోమను దోమతోనే కొట్టడమన్నమాట.

నార్కొండంలోనూ ఒకప్పుడు పోలీసు శిబిరం కోసం మేకల్ని తెచ్చారు. అవి లేతమొక్కల్ని మేసేస్తుంటే హార్న్‌బిల్‌కు రేపు గూడుచెట్లే ఉండవని నిపుణులు మొత్తుకున్నారు. చివరికి మేకల్ని తీసేశారు. ఊటను మనం పుట్టించలేం. అది లక్షల ఏళ్ల పని. తూము మూయడం మాత్రం మన చేతిలోని పనే. నార్కొండంలో అందుకు కావాల్సి వచ్చింది మేకల్ని తీసేయడమే.